ఎల్‌జీబీటీక్యూ పిల్లల మనసు, ఇల్లు, అందాల్సిన సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

గే (మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు), లెస్బియన్ (ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లు), బైసెక్సువల్ (ఆడా మగా ఇద్దరినీ ఇష్టపడేవాళ్లు), ట్రాన్స్‌జెండర్ (పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసినదానితో తమ మనసు కలవనివాళ్లు), క్వీర్ (ఈ పేర్లలో ఇమడనివాళ్లు) పిల్లల గురించి తెలుగు ఇళ్లలోనూ హాస్టళ్లలోనూ పదే పదే వినబడే ప్రశ్నలివి. ఈ అందరినీ కలిపి ఎల్‌జీబీటీక్యూ అంటారు. కొన్ని పిల్లలు అడిగేవి, కొన్ని కన్నవాళ్లు అడిగేవి. పిల్లల ప్రశ్నలకు చనువుగా ‘నువ్వు’ అనే జవాబు రాశాం.

చచ్చిపోవాలన్న ఆలోచన ఇప్పుడే వేధిస్తుంటే ఇదంతా చదవనక్కర్లేదు. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డబ్బులు అడగరు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి ఇప్పటికే వచ్చి ఉంటే 108.

మా అబ్బాయి తాను గే అంటున్నాడు. ఇది మానసిక జబ్బా? మంచి డాక్టరుకి చూపిస్తే మారతాడా?

జబ్బు కాదు. కాబట్టి దానికి మందు లేదు, మార్చే వైద్యమూ లేదు.

అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1973లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న అదే పని చేసింది. ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని కూడా మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించిన ఆ సంస్థ కొత్త జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. మన దేశంలో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్‌పై సుప్రీంకోర్టు తీర్పు చెప్పకముందే, ఇది జబ్బు కాదని ప్రకటించింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ ఈ విషయంలో స్పష్టంగా ఉంది: చుట్టూ ఉన్న సమాజపు నీతికీ, ఆచారానికీ, మత విశ్వాసానికీ ఒదగడం లేదన్న కారణంతో ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదు.

అయినా ‘మారుస్తాం’ అనేవాళ్లు దొరుకుతూనే ఉంటారు. కరెంటు షాకులు, హార్మోన్ ఇంజెక్షన్లు, మత్తు మాత్రలు, తాయెత్తులు, ఉపవాస ప్రార్థనలు, ‘మగతనం నేర్పే’ కౌన్సెలింగులు... పేరేదైనా ఇవన్నీ హింస కిందికే వస్తాయి. 2021 జూన్‌లో మద్రాస్ హైకోర్టు ఇలాంటి ‘చికిత్స’లను నిషేధించమని చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందుగా తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని, తనకు తెలియనిది అడిగి తెలుసుకున్నారు. ఆ కేసు వల్లే 2022లో, దేశంలో వైద్య వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్, డాక్టర్లు ఈ పని చేస్తే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా లెక్కించాలని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. ఇంకో సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. ‘కొందరు మారారు’ అని 2003లో పరిశోధన వ్యాసం ప్రచురించిన ప్రసిద్ధ అమెరికన్ సైకియాట్రిస్టు రాబర్ట్ స్పిట్జర్, 2012లో అది నిలబడే మాట కాదని ఒప్పుకున్నాడు. తన వ్యాసాన్ని నమ్మి అలాంటి చికిత్సల్లో నలిగిపోయినవాళ్లకు క్షమాపణ చెప్పాడు.

ఈ ‘చికిత్స’ల తర్వాత చాలామంది పిల్లలు చేసేది ఒకటే. ‘మారిపోయాను’ అని చెబుతారు. అది ఆపించడానికి వాళ్ల చేతిలో ఉన్న దారి అదొక్కటే. అమ్మానాన్నా ఊపిరి పీల్చుకుంటారు. ఆ పిల్లవాడు ఇక ఆ ఇంట్లో ఎవరితోనూ నిజం మాట్లాడడు.

జబ్బు కాకపోతే, ఈ పిల్లల్లో కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువని ఎందుకంటారు?

ఎక్కువన్నది నిజమే. అనేక దేశాల్లో చేసిన అధ్యయనాలు ఇదే చెబుతున్నాయి. కారణం వాళ్ల పుట్టుకలో లేదు, వాళ్లు బతకాల్సి వస్తున్న తీరులో ఉంది. ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో దీన్ని వివరంగా రాశాడు. మామూలు కష్టాలు అందరికీ ఉంటాయి. వీళ్లకి వాటి మీద ఇంకో బరువు పడుతుంది. ఎవరో ఎగతాళి చేయడం ఒకటి. ఎవరైనా చేస్తారేమోనని రోజంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండటం ఇంకొకటి. నడక, గొంతు, చేతులు తిప్పడం, ఎవరి వంక ఎంతసేపు చూశానన్నది, అన్నీ లెక్క చూసుకుంటూ ఉండాలి. చివరికి లోకం అనే మాటలన్నీ తన గురించి నిజమేనని తానే నమ్మడం మొదలవుతుంది. అన్నిటికంటే లోతుగా కోసేది అదే.

ఇందులో తరచుగా మనం గమనించని విషయం ఒకటుంది. కులం పేరుతోనో మతం పేరుతోనో బడిలో అవమానం పడిన పిల్ల ఇంటికొచ్చి ఏడిస్తే, ఆ ఇంట్లో అందరూ అదే అవమానం ఎరిగినవాళ్లే. అమ్మ దగ్గరికి తీసుకుంటుంది, నాన్నకు కోపం వస్తుంది, తాతయ్య తన కాలం సంగతి చెబుతాడు. ‘ఆడంగి’ అనిపించుకుని వచ్చిన పిల్లవాడికి ఆ ఇల్లు లేదు. ఏం జరిగిందో చెప్పాలంటే ఎందుకు జరిగిందో చెప్పాలి. అందుకని ‘తలనొప్పి’ అని చెప్పి పడుకుంటాడు. టీవీలో కామెడీ సీను వస్తుంది, అలాంటి పాత్ర మీద ఇల్లంతా నవ్వుతుంది, వాడూ నవ్వుతాడు. మన సినిమాలు దశాబ్దాలుగా ఈ నవ్వును పంచుతూ వచ్చాయి. ఆ నవ్వుతో తన ఇంట్లో తన గురించి ఎవరేమనుకుంటారో పదేళ్ల వయసులోనే పిల్లవాడికి తెలిసిపోతుంది.

కాబట్టి సాయం అంటే పిల్లవాడిని సరిచేయడం కాదు. ఆ బరువులో కొంత దింపడం. దింపగలిగిన మొదటి చోటు ఇల్లు.

నాకు పదిహేడేళ్లు. నేను గేనో, బైసెక్సువలో, ఇంకేదో నాకే తేలడం లేదు. పిచ్చెక్కుతోంది.

ఇప్పుడే తేలాల్సిన అవసరం లేదు. కొందరికి ఎనిమిదో తరగతిలోనే తెలిసిపోతుంది, కొందరికి ముప్ఫై ఏళ్లకు. ఒక పేరు పెట్టుకుని తర్వాత మార్చుకున్నా నువ్వు ఎవరికీ అబద్ధం చెప్పినట్టు కాదు. నీ మనసు ఎటు పోతోందో గమనించుకో, అంతే. నిన్ను నువ్వు పరీక్షించుకోవడం కోసం ఎవరితోనైనా శరీర సంబంధానికి తొందరపడకు. ‘నేను తేలుస్తాలే’ అంటూ వచ్చే పెద్దవాళ్ల దగ్గరికి అసలే పోకు.

తేలకపోవడం కంటే ఒంటరితనమే నిన్ను ఎక్కువ బాధపెడుతూ ఉండొచ్చు. ఒక్కరితో మాట్లాడి చూడు. 14416కి ఫోన్ చేసినప్పుడు నీ అసలు పేరు చెప్పాల్సిన పని లేదు.

ఇంట్లో చెప్పేయాలా? దాచి దాచి అలిసిపోయాను.

చెప్పడం నీ హక్కు, బాధ్యత కాదు. ధైర్యవంతులు చెప్పేస్తారు, పిరికివాళ్లు దాస్తారు అని ఎవరైనా అంటే నమ్మకు. వాళ్లు మీ ఇంట్లో ఉండరు.

చెప్పే ముందు కొన్ని సంగతులు నిజాయితీగా చూసుకో. ఫీజు, తిండి, ఫోను ఎవరి చేతిలో ఉన్నాయి? ఇంట్లో చేయి చేసుకునే అలవాటు ఉందా? చదువు మాన్పించి, హడావిడిగా సంబంధం చూసేసే మనుషులా? ఒకవేళ బయటికి పొమ్మంటే ఆ రాత్రి ఎక్కడికి వెళ్తావు? వీటికి జవాబులు భయం పుట్టిస్తే ఆగు. డిగ్రీ చేతికొచ్చి, నీ కాళ్ల మీద నువ్వు నిలబడ్డాక చెప్పినా అది ఆలస్యం కాదు. అమ్మాయిలకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మన ఇళ్లలో అబ్బాయికి దొరికే రెండు మూడేళ్ల వాయిదా అమ్మాయికి దొరకదు.

చెప్పాలనే నిర్ణయించుకుంటే అందరినీ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. ఎవరు మెత్తగా వింటారో నీకు తెలుసు. అక్క కావచ్చు, బాబాయి కావచ్చు, కొన్ని ఇళ్లలో అమ్మమ్మ కావచ్చు (పెద్దావిడ అస్సలు తట్టుకోలేదనుకుంటాం గానీ, లోకం చూసిన మనిషి కొన్నిసార్లు అందరికంటే ముందు సర్దుకుంటుంది). ముందు వాళ్లకు చెప్పు. గొడవలో, కోపంలో, పండగ పూట చుట్టాల మధ్య చెప్పకు. నోట మాట రాదనిపిస్తే ఉత్తరం రాయి. ‘ఇది మీ పెంపకంలో లోపం కాదు, నాకెవరూ అలవాటు చేయలేదు, నేను మీ బిడ్డనే’ అన్న మూడు మాటలు అందులో ఉండాలి. మొదట వాళ్లకు తట్టే అనుమానాలు అవే.

మొదటి రోజు వాళ్లు అన్న మాటనే చివరి మాటగా తీసుకోకు. నీకు ఏళ్లు పట్టిన సంగతి వాళ్లు పది నిమిషాల్లో విన్నారు. కొట్టినా, బంధించినా మాత్రం వాళ్లకి టైమిస్తూ కూర్చోకు. దాని గురించి కింద రాశాం.

మా అమ్మాయి చెప్పేసింది. మాకు భూమి కంపించినట్టయింది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆ పూట అన్నం పెట్టండి. మామూలుగా పిలిచే పేరుతోనే పిలవండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే ‘నాకు అర్థం కావడానికి టైం పడుతుంది, కానీ నువ్వు ఎక్కడికీ పోవద్దు, మేమూ ఎక్కడికీ పోం’ అనండి. అప్పటికి అంత చాలు. చెప్పిన రాత్రి పిల్లలకు పెద్ద గండం.

కన్నవాళ్లు ఆ మొదటి వారంలో తెలియక చేసే పనులు కొన్ని ఉన్నాయి. ఫోను లాక్కోవడం, స్నేహితుల్ని కలవనివ్వకపోవడం, ‘ఎవడు నేర్పాడు నీకిది’ అని ఆరా తీయడం, ‘ఈ మాట గడప దాటకూడదు’ అని ఒట్టు వేయించుకోవడం, తల్లి తిండి మానేయడం, ‘నేను చచ్చాక నీ ఇష్టం వచ్చినట్టు ఉండు’ అనడం. వీటిలో ఏదీ కొట్టడం కాదు, తిట్టడం కూడా కాదు. ప్రేమతోనే చేస్తున్నాం అనిపిస్తుంది. అయినా పిల్లల మీద వీటి దెబ్బ చిన్నది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కెయిట్లిన్ ర్యాన్ బృందం కుటుంబాల ప్రవర్తన మీద చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఇంట్లో తీవ్రమైన తిరస్కారం ఎదుర్కొన్న గే, లెస్బియన్, బైసెక్సువల్ యువత ఆత్మహత్యకు ప్రయత్నించి ఉండే అవకాశం, తిరస్కారం లేని, లేదా తక్కువగా ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్ల కంటే 8 రెట్లకు పైగా ఎక్కువని అందులో తేలింది. దాచిపెట్టమనడం, స్నేహితులకు దూరం చేయడం లాంటివి కూడా ఆ బృందం తిరస్కారంగానే లెక్కించింది.

ఇదే విషయానికి ఊరటనిచ్చే వైపు కూడా ఉంది. ఎల్‌జీబీటీక్యూ యువతలో ఆత్మహత్యలు ఆపడానికి పనిచేసే అమెరికా సంస్థ ట్రెవర్ ప్రాజెక్ట్ 2019లో వెల్లడించిన సర్వేలో, తమను తాముగా ఒప్పుకునే పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా ఉన్న పిల్లలు, ఆ ఏడాదిలో ఆత్మహత్యకు ప్రయత్నించామని చెప్పడం 40 శాతం తక్కువగా కనిపించింది. అంకెలు అమెరికావి. అయినా ఇది ఇక్కడికీ వర్తిస్తుందనే మా నమ్మకం. ఇల్లంతా ఒకేసారి మారక్కర్లేదు. నాన్న మాట్లాడటం మానేసినా అమ్మ మాట్లాడుతూ ఉంటే చాలు. ఇద్దరూ మానేసినా మేనత్త ఫోన్ చేస్తూ ఉంటే చాలు. ఆ ఒక్కరు మీరే కావచ్చు. అందుకు మీరు ముందుగా ఈ విషయాన్ని పూర్తిగా అర్థం చేసుకుని ఉండాల్సిన పని లేదు, సమర్థించి ఉండాల్సిన పనీ లేదు.

తర్వాత తర్వాత చేయగలిగినవి: చుట్టాల్లో ఎవరైనా వెకిలిగా మాట్లాడితే పిల్ల ముందే ఆపండి. ఆమె స్నేహితులను ఇంటికి రానివ్వండి. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమెకే వదిలేయండి. సలహా కోసమని పెదనాన్నకు మీరు చెప్పిన మాట సాయంత్రానికి ఊరు దాటుతుంది.

మాకే నిద్ర పట్టడం లేదు. మా బాధ ఎవరితో చెప్పుకోవాలి?

మీ బాధ నిజమైనదే. కూతురి పెళ్లి, మనవలు, నలుగురిలో పరువు అంటూ మనసులో కట్టుకున్న బొమ్మ పగిలినప్పుడు దుఃఖం వస్తుంది. అది రావడం తప్పు కాదు. కాకపోతే ఆ దుఃఖాన్ని ఓదార్చే పని పిల్ల మీద పెట్టకండి. కౌన్సెలర్ దగ్గరికి మీరు వెళ్లండి. టెలీ మానస్ మీకోసం కూడా. ఇదే దారిలో నడిచిన కన్నవాళ్ల బృందం ‘స్వీకార్ – ద రెయిన్‌బో పేరెంట్స్’ మన దేశంలో ఉంది. 2023లో సుప్రీంకోర్టులో పెళ్లి హక్కు కేసు నడుస్తున్నప్పుడు, తమ పిల్లల తరఫున 400 మందికి పైగా తల్లిదండ్రులు ఈ బృందం ద్వారా ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. ఇంకో తల్లితో ఒక గంట మాట్లాడితే, ఏ నిపుణులు చెప్పినా కలగని ధైర్యం కలుగుతుంది.

పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయంటారు కదా?

సర్దుకోవు. రెండో జీవితం కూడా పాడవుతుంది. ఏమీ తెలియకుండా మీ ఇంటికొచ్చే ఆ కోడలో, మీ అల్లుడో ఎవరో కన్న బిడ్డే. ‘నాలో ఏదో లోపం ఉంది’ అని ఏళ్ల తరబడి కుమిలిపోయే భార్యలు మన మధ్యే ఉన్నారు. సంబంధాలు చూడటం మొదలైన ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసు ఈ పిల్లల్లో చాలామందికి ప్రమాదకరమైన కాలమని గుర్తుపెట్టుకోండి. అప్పటిదాకా దాచుకుని నెట్టుకొచ్చినవాళ్లకు ఇక దాక్కునే చోటు ఉండదు.

ఇష్టపడిన మనిషితో పెళ్లి చేసుకునే చట్టబద్ధమైన దారి మన దేశంలో ఇంకా లేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వలేదు, అది పార్లమెంటు తేల్చాల్సిన పని అంది. ఆ కేసుకు పేరైన మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌లో ఉండే జంట. చట్టం గుర్తించకపోయినా కలిసి బతకడం నేరం కాదు.

హాస్టల్లో నన్ను గురించి పుకారు లేచింది. బాత్రూంలో, మెస్‌లో అందరూ ఏదో ఒకటి అంటున్నారు. వార్డెన్‌కి చెబితే ఇంటికి ఫోన్ చేస్తాడేమోనని భయం.

నీ భయం అర్థమైంది. ఇంటర్, నీట్, ఐఐటీ కోచింగ్ హాస్టళ్లలో పిల్లలకు ఒక్క గంట కూడా ఏకాంతం ఉండదు. ఫోను ఉండదు. ఒకసారి పేరు పడిందంటే పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి లైట్లు ఆరేదాకా అదే. మార్కులు తగ్గుతాయి, సెక్షన్ మారుస్తారు, ఇంట్లో ‘చదవడం లేదు’ అని తిడతారు. అసలు కారణం ఎవరికీ తెలియదు.

కంప్లయింట్ ఇచ్చేటప్పుడు నువ్వు ఎవరివో చెప్పాల్సిన పని లేదు. ‘ఫలానావాళ్లు ఫలానా రోజు ఇలా అన్నారు, ఇలా ముట్టుకున్నారు’ అని మాత్రమే రాయి. పుకారు నిజమా కాదా అన్నది విచారణలో ప్రశ్నే కాదు. తేదీలు రాసిపెట్టుకో, మెసేజీలు ఉంటే ఫోటో తీసి దాచుకో. డిగ్రీ, ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల్లో ఉంటే నీ చేతిలో గట్టి ఆయుధమే ఉంది: 2016లో యూజీసీ ర్యాగింగ్ నిబంధనలను సవరించి, లైంగిక ఆసక్తిని బట్టి, జెండర్‌ను బట్టి చేసే వేధింపును కూడా ర్యాగింగ్ అని రాసింది. యాంటీ ర్యాగింగ్ నంబరు 1800-180-5522. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

కాలేజీ యాజమాన్యాలకు ఒక మాట. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు మీకు వర్తిస్తుంది. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనని ఆ తీర్పు చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టాలి. కోచింగ్ సెంటర్లకూ మినహాయింపు లేదు. ఎల్‌జీబీటీక్యూ పిల్లలతో సహా వెనకబాటుకు గురైనవాళ్లతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. వేధింపుల గురించి గుట్టుగా చెప్పుకునే ఏర్పాటు ఉండాలి. ఫీజు వసూళ్లు చూసే మనిషికే ‘కౌన్సెలర్’ అని బోర్డు తగిలిస్తే ఆ తీర్పును పాటించినట్టు కాదు.

టీచరుగా నేను ఏం చేయగలను?

క్లాసులో ‘ఏంట్రా ఆడపిల్లలా’ అనే మాట మీ నోట రానివ్వకండి, ఇంకొకరి నోట వస్తే అక్కడికక్కడే ఆపండి. పిల్లవాడు మీతో చెప్పుకుంటే వాళ్లింట్లో చెప్పకండి. ప్రాణాపాయం, లైంగిక దాడి అయితే వేరు.

ట్రాన్స్‌జెండర్ పిల్లల ఇబ్బందులు వేరుగా ఉంటాయా?

చాలా వేరు. గే పిల్లవాడు కావాలంటే కొన్నాళ్లు దాచుకోగలడు. ట్రాన్స్ పిల్లలకు శరీరమే అడ్డం తిరుగుతుంది. గొంతు మారుతున్నప్పుడు, మీసం వస్తున్నప్పుడు, నెలసరి మొదలైనప్పుడు తమ శరీరం తమది కానట్టు విలవిల్లాడతారు. యూనిఫాం, బాత్రూం, హాజరు పిలుపు రోజూ గుచ్చుతూనే ఉంటాయి. తొమ్మిది, పదిలోనే బడి మానేసి, ఇల్లు వదిలి హిజ్రా కుటుంబాల్లో చేరే పిల్లలు అందుకే ఎక్కువ. అక్కడ వాళ్లకు ఒక అమ్మ, ఒక పేరు దొరుకుతాయి. చదువు మాత్రం పోతుంది.

చాలా తేలికైన సాయం ఒకటుంది. తమకు తాము పెట్టుకున్న పేరుతో పిలవడం. 2018లో టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లోనో బడిలోనో స్నేహితుల్లోనో, అలా పిలిచే చోటు ఒకటి పెరిగేకొద్దీ ట్రాన్స్ యువతలో ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం తగ్గుతూ వచ్చాయి. ఖర్చు లేని పని, ఎవరి అనుమతీ అక్కర్లేని పని.

వైద్యం విషయంలో తొందరొద్దు, నిర్లక్ష్యమూ వద్దు. స్నేహితులు చెప్పారని మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని హార్మోన్ల కోసం మింగుతున్న పిల్లలున్నారు. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. సైకియాట్రిస్టు, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఇద్దరూ చూడాల్సిన విషయమిది. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసమే తెరిచిన మిత్ర్ క్లినిక్, అమెరికా సాయం ఆగిపోవడంతో 2025లో మూతపడింది; ఆ తర్వాత ‘సబ్‌రంగ్’ పేరుతో మళ్లీ తెరుచుకుంది. మన ప్రభుత్వాలు భుజాన వేసుకోవాల్సిన పని పరాయి దేశపు నిధుల మీద నడిస్తే ఇదే జరుగుతుంది. 

పిల్లలకు చూపించడానికి మన దగ్గరే మనుషులున్నారు. 2022లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఉస్మానియా జనరల్ ఆస్పత్రిలో చేరి, తెలంగాణ ప్రభుత్వ సేవలో తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లయ్యారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు నిజాం కాలం నాటి 1329 ఫసలీ (అంటే 1919) చట్టాన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లను పుట్టుకతోనే అనుమానితులుగా చూసిన చట్టమది. కోర్టుకు వెళ్లినవాళ్లలో వైజయంతి వసంత మొగ్లి ముఖ్యులు.

కౌన్సెలర్‌ని ఎలా ఎంచుకోవాలి? నేను చెప్పినవి ఇంట్లో చెప్పేస్తారా?

మొదటి ఫోన్‌లోనే అడుగు: ‘ఎల్‌జీబీటీక్యూ వాళ్లతో ఇంతకుముందు పనిచేశారా? ఇది మారుతుందని మీరు అనుకుంటారా?’ రెండో ప్రశ్నకు ‘ప్రయత్నిద్దాం’ అన్నారంటే ఫోన్ పెట్టెయ్. ‘ఇది వయసు ప్రభావం’, ‘పెళ్లయ్యాక చూద్దాం’ అన్నా అంతే. మంచి కౌన్సెలర్ నీ నిద్ర గురించి, తిండి గురించి, ఇంటి గురించి, నీకు నువ్వు హాని చేసుకుంటున్నావా అన్న దాని గురించి అడుగుతారు. కుంగుబాటుకు మందులు రాస్తే భయపడకు. అవి కుంగుబాటుకే, నువ్వు గే అయినందుకు కాదు.

నువ్వు మేజర్ అయితే నీ వివరాలు గోప్యంగా ఉంచడం 2017 చట్టం ప్రకారం వాళ్ల విధి. లైంగిక ఆసక్తిని బట్టి వైద్యంలో వివక్ష చూపకూడదని కూడా అదే చట్టంలో ఉంది. పద్దెనిమిది లోపైతే వైద్యానికి సంబంధించిన నిర్ణయాల్లో సంరక్షకులకు పాత్ర ఉంటుంది. ప్రాణాపాయం ఉన్నా, నీ మీద లైంగిక దాడి జరిగినా వాళ్లు పైకి చెప్పక తప్పదు. మొదటి సెషన్‌లోనే ‘ఏవి చెబుతారు, ఏవి చెప్పరు’ అని అడిగి, విన్నాకే మిగతాది మాట్లాడు.

డబ్బు లేకపోతే ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల సైకియాట్రీ ఓపీ, ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉన్నాయి. అన్నిచోట్లా ఒకే తీరు మనుషులు ఉండరు. ఒక డాక్టరు మాట నొప్పించిందని వైద్యమే మానేయకు, ఇంకొకరి దగ్గరికి వెళ్లు.

నా ఫ్రెండ్ ‘ఇక బతకను’ అంటున్నాడు. వాడి సంగతి నాకు మాత్రమే తెలుసు.

సూటిగా అడుగు: ‘చచ్చిపోవాలని అనుకుంటున్నావా? ఎలా అని కూడా అనుకున్నావా?’ అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది. వాడిని ఒంటరిగా వదలకు. హాని చేసుకునే వస్తువులు దగ్గర లేకుండా చూడు. ఇద్దరూ కలిసి, స్పీకర్ పెట్టి 14416కి ఫోన్ చేయండి. 

‘ఎవరికీ చెప్పనని’ ఒట్టు పెట్టావు కదా, ఆ ఒట్టు ఈ రాత్రికి చెల్లదు. ఒక పెద్దమనిషికి చెప్పు. ఎందుకు బాధపడుతున్నాడో వివరించనక్కర్లేదు, ‘ప్రాణాపాయంలో ఉన్నాడు’ అంటే చాలు. ప్రయత్నం చేసి బతికి బయటపడితే పోలీసు కేసని భయపడి ఆస్పత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి గానీ శిక్షించకూడదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

యాప్‌లో పరిచయమైనవాడు ఫోటోలు పెట్టుకుని డబ్బులు అడుగుతున్నాడు.

ఇవ్వకు. ఒకసారి ఇస్తే ఆగదు. చాట్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాత బ్లాక్ చెయ్. సైబర్ నేరాల నంబరు 1930. బెదిరించేది అతను, నేరం అతనిది. 377 సెక్షన్‌పై సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇచ్చిన తీర్పు తర్వాత మేజర్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదు కాబట్టి, ‘పోలీసులకు చెబితే నువ్వే లోపలికి పోతావ్’ అనే బెదిరింపు ఉత్త అబద్ధం. నీకు పద్దెనిమిది నిండకపోతే అతని మీద పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం వర్తిస్తుంది. ఈ బెదిరింపుల మధ్య ఉన్న పిల్లలకు ప్రాణం తీసుకోవడం ఒక్కటే దారి అనిపిస్తుంది. ఆ ఫోటోలు బయటపడినా నీ జీవితం అక్కడ ఆగిపోదు. దయచేసి నమ్మకమైన ఒక్కరికి ఇవాళే చెప్పు.

మా మతం ఒప్పుకోదు. ఏం చేయాలి?

మీ విశ్వాసాన్ని వదులుకోమని ఎవరూ అడగడం లేదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు మీ బిడ్డ బతికి ఉండాలని కోరుకుంటారు కదా, అక్కడి నుంచి మొదలుపెట్టండి. పిల్ల వినేలా శాపనార్థాల ప్రార్థనలు మాత్రం చేయకండి.

నన్ను గదిలో పెట్టి తాళం వేశారు. నాకు ఇరవై ఏళ్లు.

మేజర్‌ను బంధించడం నేరం, బంధించింది కన్నవాళ్లైనా సరే. 112కి ఫోన్ చెయ్. అమ్మాయివైతే మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది. ఉచిత న్యాయ సాయం 15100. నమ్మకమైన స్నేహితులు నీ తరఫున హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేయొచ్చు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి ఇంట్లో నిర్బంధించిన యువతి కేసులో, ఆమె మేజర్ కాబట్టి తాను కోరుకున్న భాగస్వామితో ఉండొచ్చని చెప్పింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు, ఇలాంటి కేసుల్లో మనసు మార్చే కౌన్సెలింగ్‌కు పంపకూడదని కోర్టులన్నిటికీ సూచనలిచ్చింది. ఆధార్, సర్టిఫికెట్ల నకళ్లు ముందే ఫోన్‌లో కాక ఇంకెక్కడైనా దాచుకో.

మేం డాలస్‌లో ఉంటున్నాం. మా వాడు ఇక్కడే పుట్టాడు. బడిలో అందరికీ తెలుసట, మాకు మాత్రం చెప్పలేదు.

మీ దగ్గర భయం ఎక్కువన్నమాట. ‘ఇండియాలో అమ్మమ్మ వాళ్లకు ఏం చెబుతాం’ అన్న మీ మాట ఎప్పుడో విని ఉంటాడు. ఎందుకు దాచావని నిలదీయకుండా, ఇప్పుడు తెలిసినందుకు సంతోషమని చెప్పండి. వేసవిలో ఊరికి తీసుకెళ్లి ‘మార్పించి’ తీసుకొద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి.

అక్కడ 988 అందరికీ ఉన్న సంక్షోభ నంబరు. అందులో ఎల్‌జీబీటీక్యూ పిల్లల కోసం విడిగా ఉన్న ఆప్షన్‌ను 2025 జులైలో తీసేశారు. ట్రెవర్ ప్రాజెక్ట్ నంబరు 1-866-488-7386 మాత్రం పనిచేస్తోంది. మీకోసం పీఫ్లాగ్ ఉంది, 1973 నుంచి కన్నవాళ్లే నడుపుకుంటున్న సంఘం. మన ఇళ్ల సంగతి వివరించి చెప్పాల్సిన అవసరం లేకుండా మాట్లాడుకోవాలంటే దక్షిణాసియా కుటుంబాల ‘దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలైస్’ ఉంది. అందులోని కన్నవాళ్లు కూడా మీలాగే సంబంధాల గురించి, అమ్మమ్మ ఫోన్ గురించి కంగారుపడినవాళ్లే.